కచ్చిక, నిమ్మచెక్క, ఒక నీలం అట్ట పుస్తకం

పిన్ని పెద్దకర్మ నాడు నెల్లూరు మూలాపేట ఇంటి పెరట్లో వంటవాళ్ళు ఇత్తడి గుండిగ బోర్లించి తోముతున్నారు. పిండేసిన నిమ్మచెక్కని బూడిదలో ముంచి రుద్దుతుంటే ఆ వాసన వసారా దాకా వచ్చింది. నాకు ముందు పళ్ళు జివ్వుమన్నాయి. ఏడవడానికొచ్చిన చుట్టాలంతా అప్పటికే కాఫీల్లోకి, స్థలాల రేట్లలోకి దిగిపోయారు, నేనొక్కదాన్నే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. చూసినవాళ్ళు పిన్నిని తలుచుకుని ఏడుస్తున్నాననుకున్నారు. తలుచుకున్న మాట నిజమే గానీ ఏడుపు కాదు. ఆ బూడిద, ఆ నిమ్మచెక్క నా పళ్ళ మీద చాలాకాలం పనిచేశాయి.

నా పక్కన మా చెల్లెలి కూతురు, అంటే పిన్ని మనవరాలు, గోడకి ఆనుకుని ఇంగ్లీషు పుస్తకం చదువుకుంటోంది. హైదరాబాదులో ఐదో తరగతి. లేత నీలం అట్ట, దాని మీద ఒక పిల్లాడి ముఖం, ఆ ముఖంలో ఒక్క కన్నే గీసి ఉంది. ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తి నా వంక చూసి, "పెద్దమ్మా, నీ పళ్ళు ఎందుకలా ఉన్నాయి?" అంది. మా చెల్లెలు దాని తొడ గిల్లింది. "తప్పమ్మా, అట్టా అడక్కూడదు" అని ఇద్దరు ముగ్గురు ఒక్కసారే అందుకున్నారు. ఇన్నేళ్ళలో ఈ మాట నా ముఖం మీద అడిగినవాళ్ళు బహు తక్కువ, వెనకాల అన్నవాళ్ళు బోలెడు. అందుకే నాకు కోపం రాలేదు సరిగదా, హాయిగా అనిపించింది. చెప్తాను రా అని పక్కకి జరిగి చోటిచ్చాను.

ఆ పుస్తకం పేరు వండర్. రాసినావిడ ఆర్.జె. పలాసియో, అమెరికా ఆవిడ. 2012లో వచ్చింది, 2017లో సినిమా కూడా తీశారు. ఆగస్ట్ పుల్మన్ అని పదేళ్ళ పిల్లాడు, పుట్టుకతోనే ముఖంలో ఎముకలు సరిగ్గా ఏర్పడలేదు, అప్పటికే ఇరవై ఏడు ఆపరేషన్లయ్యాయి. ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకున్నవాడు ఐదో తరగతికి మొదటిసారి బడికి పోతాడు. కథంతా ఆ ఒక్క ఏడాదే. పిల్లకి తెలుగు చదవడం రాదు, నాకు ఇంగ్లీషు గబగబా చదవడం రాదు. అది చదివి అర్థం చెప్పేది, నేను వింటూ మధ్యలో నా సంగతులు చెప్పేదాన్ని. వాళ్ళు రైలెక్కే దాకా ఇదే పని. ఇంటి నిండా జనం, ఎవరూ మమ్మల్ని పట్టించుకోలేదు.

*

మాది కనిగిరి వైపు పల్లె. సజ్జ, వరిగ, కంది, ఆముదం, కాస్త స్తోమత ఉన్నవాళ్ళకి పొగాకు. వాన పడితే పంట, పడకపోతే వలస. ఊళ్ళో అందరి పళ్ళూ ఒకే తీరు. కొందరికి గోధుమరంగు చారలు, కొందరికి మచ్చలు, కొందరికి గుంటలు పడి అంచులు విరిగి ఉండేవి. మా అమ్మకి, నాయనకి, అన్నకి, మంగలికి, కరణానికి, అందరికీ. ఒంగోలు నుంచి బదిలీ మీద వచ్చిన పంతులు గారికి మాత్రం తెల్లగా ఉండేవి. మా జేజి ఆయన్ని మొదటిసారి చూసి వచ్చి, "ఏంది మే, ఆయప్ప పళ్ళు అట్టా మెరస్తుండాయి, కట్టుడు పళ్ళా?" అని అడిగింది. ఊరంతా చాలా రోజులు అదే అనుమానంతో ఆయన నోట్లోకి చూసేవాళ్ళు, పాపం. ఆయన నవ్వడం మానేసి బెత్తం పట్టుకున్నాడు.

మా తాత మెడ తిప్పలేకపోయేవాడు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. నడుం కొయ్యబారిపోయి, గోడ పట్టుకుని లేచేవాడు. ఊళ్ళో తాతలంతా అట్టానే ఉండేవాళ్ళు, కాబట్టి ముసలితనం అంటే అదేననుకున్నాను నేను. నెల్లూరు వచ్చిన కొత్తల్లో పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి దగ్గర ఒక పండు ముసలాయన తల వెనక్కి వంచి గాలిగోపురం కొస చూస్తుంటే నేను దేవుడికి దణ్ణం పెట్టడం మర్చిపోయి ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. తాతలు పైకి చూడగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

నీళ్ళ సంగతి చెప్పాలి. తెల్లారకముందే చేదబావి గిలక కిర్రుకిర్రుమనేది, తర్వాత కొన్నాళ్ళకి బోరింగు వచ్చింది. దాని పిడి కొడితే ఇనుము ఇనుముకి తగిలి టంగు టంగుమని పక్క వీధిదాకా వినపడేది. బావినీళ్ళలో ఎండాకాలం చెత్తా చెదారం, పురుగులు. బోరింగు నీళ్ళు అద్దంలా తేటగా వచ్చేవి. ఊరు ఊరంతా బోరింగుకి పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఆ తేటనీళ్ళలోనే అసలు సంగతి ఉందని మాకెవరు చెప్తారు? ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు మరిగినా మెత్తబడేది కాదు. మా అమ్మ పప్పుగుత్తి పట్టుకుని పొయ్యి ముందు తిట్టుకుంటూ కూర్చునేది, నీళ్ళని కాదు, పప్పు అమ్మిన కోమటిని.

*

ఐదో తరగతి అయ్యాక చదువు కోసం నన్ను నెల్లూరు పిన్ని దగ్గర పెట్టారు. కందుకూరు దాకా ఒక ఎర్రబస్సు, అక్కణ్ణుంచి కావలి మీదుగా ఇంకోటి. కందుకూరు ఇవతల పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ల వాసన బస్సులోకి వచ్చేది, ఘాటుగా, కాస్త తియ్యగా. మా వైపు వాళ్ళకి ఆ వాసన వస్తే ఇంకా సొంత మనుషుల్లోనే ఉన్నట్టు. కావలి దాటాక అది కూడా లేదు.

ఆ రెండో బస్సులో నా ఎదురు సీట్లో ఒకావిడ, ఒళ్ళో చిన్నపిల్లాడు. వాడు నన్ను చూసి నవ్వాడు, నేనూ నవ్వాను. ఆవిడ వాడి తలని అరచేత్తో కిటికీ వైపు తిప్పేసింది. ఎందుకు తిప్పిందో నాకర్థం కాలేదు. బయట ఏదో చూపిస్తుందేమోనని నేనూ కిటికీలోంచి చూశాను.

ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్ల ఎగిరి కూర్చుని, ఈ పుస్తకం పుట్టిందే అట్టాంటి చోట అంది. పలాసియో తన ఇద్దరు కొడుకులతో ఐస్‌క్రీం కొట్టు ముందు ఉన్నప్పుడు పక్కన ముఖం వేరుగా ఉన్న ఒక చిన్నపిల్ల కనపడిందట. ఆవిడ చిన్నకొడుకు భయపడి ఏడుపు మొదలెట్టాడు. ఆ పిల్ల బాధపడుతుందేమోనని ఈవిడ గాభరాగా పిల్లల్ని తీసుకుని అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది. తర్వాత, అట్టా పారిపోకుండా ఆగి నాలుగు మాటలు మాట్లాడి ఉండాల్సింది కదా అని మథనపడి, ఆ మథనంలోంచి ఈ కథ రాసింది. నాకు ఇది నచ్చింది. బిడ్డ తల తిప్పేసిన వాళ్ళలో ఒకావిడైనా ఇంటికెళ్ళి కూర్చుని ఆలోచించింది. అయితే ఆ ఐస్‌క్రీం కొట్టు ముందున్న పిల్ల పెద్దయి తనే రాస్తే ఇంకో రకం పుస్తకం అయ్యేది, అందులో తిట్లు కాస్త ఎక్కువుండేవని నా నమ్మకం.

*

పిన్ని నన్ను చూసిన మొదటి రోజే గడ్డం పట్టుకుని, వెలుతురులోకి తిప్పి, నోరు తెరిపించి చూసింది. "అక్కయ్య పోలికలే, బంగారంలాంటి ముఖం, ఈ పళ్ళేంది తల్లీ" అంది. మర్నాటి నుంచి మొదలైంది. పొద్దున కుళాయి నీళ్ళు వచ్చే వేళకి లేపేది. ఆ కుళాయి నీళ్ళు చెంబుతో తాగితే చక్కెర కలిపారా అన్నంత తియ్యగా ఉండేవి నాకు, అంత మంచి నీళ్ళతో ముఖం కడగడం పాపమనిపించేది. పెరట్లో గచ్చు మీద పీట వేసి, నన్ను కూర్చోబెట్టి, పిడక కాల్చిన కచ్చిక రోట్లో నూరి, ఉప్పు కలిపి, పిండేసిన నిమ్మచెక్క అందులో ముంచి తోమేది. బాబాయి నిమ్మకాయల వ్యాపారంలో గుమాస్తా, గూడూరు యార్డు నుంచి సంచుల్లో కాయలొచ్చేవి. ఇంట్లో నిమ్మచెక్కలకి కరువు లేదు. శుక్రవారం ఇటుకపొడి స్పెషల్. చిగుళ్ళలోంచి రక్తం వచ్చి నురగ ఎర్రబడితే, "అదిగో మురికి దిగుతోంది" అనేది. పళ్ళు పులిసిపోయి, చద్దన్నం ముద్ద కూడా నమలలేకపోయేదాన్ని. మజ్జిగన్నం మింగి బడికి పరిగెత్తేదాన్ని.

ఒక రాత్రి నేను పడుకున్నాననుకుని పక్కింటావిడతో అంటోంది, "చదువుదేముందిలే అక్కా, ఆ నోరు చూసి ఈ పిల్లని ఎవడు చేసుకుంటాడు? అక్కయ్యకి నేనేం సమాధానం చెప్పాలి?" మా పిల్ల పుస్తకంలో అచ్చం ఇట్టాంటి చోటొకటి ఉంది. హాలోవీన్ అని వాళ్ళకి వేషాల పండగ, ఆగస్ట్ ముసుగులో ఉంటాడు, వాడే అని తెలియక జాక్ అనే స్నేహితుడు ఇంకొకడితో వాడి గురించి చెడ్డగా మాట్లాడతాడు. ముసుగు లోపల వాడు వింటూ ఉంటాడు. అది చదువుతుంటే మా పిల్లకి గొంతు పూడుకుపోయింది. నేను మాత్రం జాక్ మీద కోపం తెచ్చుకోలేకపోయాను. మర్నాడు పొద్దున పిన్ని కచ్చిక నూరుతుంటే నేను ఎప్పటికన్నా పెద్దగా నోరు తెరిచి కూర్చున్నాను, అంత దిగులు పడుతోందని తెలిశాక నొప్పని చెప్పబుద్ధి కాలేదు.

దాని ఫలితం ఏమిటంటే, ఏమీ లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒంగోల్లో పళ్ళ డాక్టరు చెప్పాడు, పాలపన్ను ఊడాక వచ్చే పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే, ఏడెనిమిదేళ్ళ లోపల తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పింగాణీ పొరే సరిగ్గా ఏర్పడదని, మచ్చ పైన పట్టింది కాదని, తోమితే ఇంకా అరుగుతుందే గానీ పోదని. ఇదే ఫ్లోరైడ్ కొంచెంగా టూత్‌పేస్టులో పళ్ళు గట్టిపడ్డానికి కలుపుతారట. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అది మోతాదు మించి ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మా తాత మెడ అప్పుడు అర్థమైంది నాకు.

*

బడి సంగతి. పేరెందుకుగానీ ఆడపిల్లల బడి, పెద్ద గేటు, గేటు బయట రేగొడియాలు, ఉప్పు కారం అద్దిన మామిడి ముక్కల బండ్లు. మొదటి వారంలోనే నాకు పేరు పెట్టారు, ఇత్తడి పళ్ళు అని. పేరుతో ఆగితే సరిపోయేది. ఒక ఆట కనిపెట్టారు. నేను ముట్టుకున్న వస్తువు ముట్టుకుంటే వాళ్ళకి అంటుకున్నట్టు, వెంటనే పరిగెత్తుకెళ్ళి ఇనుప గేటు ముట్టుకుంటే పోయినట్టు. నీళ్ళ కుండ దగ్గర గ్లాసు నేను పట్టుకున్నానంటే ఆ పూట మిగతావాళ్ళు దోసిళ్ళతో తాగేవాళ్ళు. ఈ ఆట కనిపెట్టిన పిల్ల మొదటి బెంచీ, క్లాసు లీడరు, టీచర్లకి ముద్దు. ఆగస్ట్ బడిలో దీన్ని ప్లేగు అంటారు. వాడు తగిలితే ముప్పై సెకన్లలో చేతులు కడుక్కోవాలి. ఈ పేజీ దగ్గర నేను పిల్లని ఆపి మళ్ళీ చదవమన్నాను. న్యూయార్కు ఎక్కడ, నెల్లూరు ఎక్కడ, పిల్లలు ఎవరూ నేర్పకుండానే ఒకే ఆట ఎట్టా కనిపెట్టారో!

మధ్యాహ్నం వేపచెట్టు కింద క్యారేజీలు విప్పేవాళ్ళు. కూరలు మార్చుకోవడం, ఒకళ్ళ ముద్ద ఒకళ్ళు లాక్కోవడం. నేను కొంచెం అవతల, కుళాయి దిమ్మ మీద. ఒకరోజు దర్గామిట్ట నుంచి వచ్చే పిల్లొకతె తన క్యారేజీ తెచ్చి నా పక్కన పెట్టింది. పలకరింపూ లేదు, ఏమీ లేదు. నా గిన్నెలోకి వంగి చూసి, "కందిపొడా? మీ ఊరిదా? ఏది పెట్టు మే" అని తనే వేళ్ళతో తీసుకుని అన్నంలో కలుపుకుంది. నెయ్యి లేదా అని విసుక్కుంది కూడా. తిన్నాక వేళ్ళు నాక్కుని, "ఇంత కారమేంది మే, మీ ఊళ్ళో నోళ్ళా అవి?" అంది. నా నోటి గురించి ఆ బడిలో వచ్చిన మాటల్లో నేను నవ్విన మాట అదొక్కటే.

పుస్తకంలో సమ్మర్ అనే పిల్ల ఇదే పని చేస్తుంది. మొదటి రోజు భోజనాల గదిలో ఆగస్ట్ ఒంటరిగా కూర్చుంటే ఎదురొచ్చి కూర్చుంటుంది. హెడ్మాస్టరు చెప్తే చేశావా అని తర్వాత పిల్లలు ఆరా తీస్తారు. జాక్‌కి ముందుగా చెప్పి ఒప్పించిన మాట నిజమే, సమ్మర్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. మా దర్గామిట్ట పిల్లని నేను కూడా ఒకసారి అడిగాను, ఎందుకొచ్చి కూర్చున్నావని. "అక్కడ ఎండ తగులుతుంటే వచ్చాను" అంది. నిజంగా ఎండే అయ్యుండొచ్చు. నేను ఇప్పటికీ తేల్చుకోలేదు, తేల్చుకోవాలని కూడా లేదు.

*

మొహర్రం నెలలో ఆ దర్గామిట్ట పిల్ల నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. నెల్లూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ళ కోసం చెప్తాను. బారాషహీద్ దర్గాలో పన్నెండు మంది అమరవీరుల సమాధులున్నాయి, పక్కనే స్వర్ణాల చెరువు. రొట్టెల పండగప్పుడు ఆ చెరువు నీళ్ళలో దిగి ఆడవాళ్ళు రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక తీరినవాళ్ళు ఆ రొట్టె తెచ్చి పంచుతారు, కోరిక ఉన్నవాళ్ళు అడిగి తీసుకుని తింటారు, తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. హిందువులు, ముస్లింలు, ఎవరైనా సరే. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి "పెళ్ళి రొట్టె, పెళ్ళి రొట్టె" అని ఒకావిడ, "ఇల్లు రొట్టె ఎవరిదమ్మా" అని ఇంకొకావిడ, ఆ గోలలో తడిసిన పావడా అంచులు పిండుకుంటూ మేమిద్దరం.

పళ్ళ రొట్టె ఉందా అని అడిగాను. లేదు. ఆరోగ్యం రొట్టెలో వస్తుందేమో అన్నాను. అది ఆలోచించి, తల అడ్డంగా ఊపి, వాళ్ళమ్మ మూటలోంచి ఒక రొట్టె లాగి నీళ్ళలోకి దిగింది. "నాకు పోయిన నెల పన్ను నొప్పి వచ్చి తగ్గింది. కాబట్టి నేనివ్వచ్చు. పళ్ళ రొట్టె, పళ్ళ రొట్టె" అని నా ఒక్కదాని కోసం గొంతు చించుకుని అరిచింది. ఎవరో ముసలమ్మ నిజమేననుకుని "నాకూ ఓ ముక్క పెట్టమ్మా, దవడ పన్ను ప్రాణం తీస్తోంది" అని చెయ్యి చాచింది. రొట్టె ముగ్గురం పంచుకున్నాం. గోధుమ రొట్టె, మధ్యలో కాస్త మాడింది, నెయ్యి వాసన, చెరువు నీళ్ళు తగిలి ఒక పక్క మెత్తబడింది.

మరుసటేడు నేను రొట్టె తెచ్చి ఇవ్వాలా అని అడిగితే నా నోట్లోకి చూసి, "పళ్ళు మారలేదు కదా, నీకు బాకీ లేదు పో" అని తీర్పు చెప్పింది.

వానాకాలం మొదట్లో గేటు దగ్గరికి నేరేడుపళ్ళ గంప వచ్చేది. ఆ రోజులు నాకు మహా ఇష్టం. క్లాసంతా ఊదారంగు నాలుకలు బయటపెట్టి ఎవరిది ఎక్కువ ముదురో పోటీలు పడేవాళ్ళు, లీడరు పిల్ల పళ్ళు కూడా ఊదాగా అయ్యేవి. అందరి నోళ్ళూ ఒకటే. ఆ రోజుల్లో నేను చప్పుడొచ్చేలా నవ్వేదాన్ని. నేరేడు పళ్ళ కాలం ఇంకాస్త సాగకూడదా అనిపించేది.

*

పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆగస్ట్ కథ కాదు, వాళ్ళక్క వియా కథ. ఒక్కొక్క భాగం ఒక్కొక్కరు చెప్తారు, వియాది రెండో భాగం. వాళ్ళింట్లో తమ్ముడు సూర్యుడు, తామంతా చుట్టూ తిరిగే గ్రహాలు అంటుంది. ఆ మాట వినగానే మా చెల్లెలు, పిన్ని కూతురు, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. అది నాకన్నా బాగా చిన్నది, నేను ఆ ఇంటికి వచ్చేనాటికి నడక కూడా సరిగ్గా రాలేదు. "పొద్దున లేచేసరికి మా అమ్మ నీ నోట్లో చెయ్యి పెట్టుకుని ఉండేది. నా జడ ఎప్పుడు వేసిందే?" అంది నవ్వుతూనే. ఇన్నాళ్ళూ ఈ మాట అది అననే లేదు. ఆ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం, అది కూడా కథలోకి వచ్చేసింది.

నచ్చనిది చివర. బడి వార్షికోత్సవంలో ఆగస్ట్‌కి పతకం ఇస్తారు, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. పిల్ల కళ్ళు తుడుచుకుంది, నేను పెదవి విరిచాను. ఆటల సామాను కూడా తాళం వేసి ఉంచే మా బళ్ళలో ఇట్టాంటి వాటికి పతకం ఎవడిస్తాడు? అయినా ముఖం వేరుగా ఉన్నంత మాత్రాన వాడు అందరికన్నా మంచివాడై చూపించాలా, మామూలుగా ఉంటే పతకం లేదా? "పెద్దమ్మా, అది కథ" అంది పిల్ల. కథే, కాదన్నానా.

దాని కంటే ముందొక చిన్న సంగతి ఉంది, అదే నా మనసులో నిలబడిపోయింది. వాణ్ణి ఏడిపించే జూలియన్ వాళ్ళమ్మ, క్లాసు ఫొటోలోంచి ఆగస్ట్ ముఖాన్ని కంప్యూటర్లో చెరిపేయించి మిగతా తల్లులకి పంచుతుంది. ఇది వినగానే నేనూ మా చెల్లెలూ ముఖముఖాలు చూసుకుని పకపకా నవ్వాం. పిల్ల బిత్తరపోయింది.

నా పెళ్ళిచూపుల ఫొటో సంగతి అది. పిన్ని నన్ను ట్రంకు రోడ్డు మీద స్టూడియోకి తీసుకెళ్ళి, నవ్వమని పోరు పెట్టి ఫొటో తీయించింది. తర్వాత స్టూడియో ఆయన సన్నటి కుంచె పట్టుకుని కూర్చుని నా పళ్ళు ఒక్కొక్కటీ తెల్లగా దిద్దాడు. ముత్యాల వరసలా వచ్చింది, చూసుకుంటే నాకే కొత్తగా ఉంది. ఆ ఫొటో పొదిలి సంబంధం వాళ్ళకి వెళ్ళింది. పెళ్ళికొడుకు వచ్చాడు, తలొంచుకుని కూర్చున్నాడు, ఎంతసేపటికీ నోరు విప్పడు. అడిగినదానికి పెదాలు అంటించుకునే "ఊఁ" అంటాడు. నేనూ అంతే. కాఫీ ఇచ్చేటప్పుడు చేతిలో గ్లాసు జారి ఆయన తెల్ల పంట్లాం మీద ఒలికింది, ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆయన పళ్ళు నేను చూశాను, నా పళ్ళు ఆయన చూశాడు. ఒకే నేల నీళ్ళు. ఫొటో చూసి తెల్లపళ్ళ పిల్ల, నెల్లూరులో చదువుకుంది, నన్ను ఛీ కొడుతుంది అని దిగులు పడుతూ వచ్చాడట పాపం. జాతకాలు తర్వాత కలిపారు, ముందు పళ్ళు కలిశాయి. పిన్ని మాత్రం ఆయన వెళ్ళాక గోడ వైపు తిరిగి, "ఇన్నేళ్ళు నూరిన కచ్చికంతా ఏమైపోయిందే" అని తల కొట్టుకుని, ఆ తర్వాత తనూ నవ్వింది.

*

ఇంకొక సంగతి నాకు పెద్దయ్యాకే తెలిసింది, తెలిసినప్పుడు ఆ లీడరు పిల్ల ఎదురుగా ఉంటే బాగుండుననిపించింది. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బుని వైద్యులు మొట్టమొదట గుర్తించి రాసింది 1937లో. ఇండియన్ మెడికల్ గెజిట్‌లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు రాశారు. ఆ వ్యాసం పేరులోనే నెల్లూరు జిల్లా అని ఉంది. అప్పటికి ప్రకాశం జిల్లా ఎక్కడిది, అది ఏర్పడిందే 1970లో, కనిగిరి, పొదిలి అంతా అంతకు ముందు నెల్లూరు జిల్లాయే. మనుషుల కంటే ముందు ఎద్దుల్లో రైతులు కనిపెట్టారని అంటారు, కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోయేవట. నన్ను వేరే ఊరి రోగం తెచ్చావని గేటు దాకా తరిమినవాళ్ళంతా పుస్తకాల్లో నా జిల్లా వాళ్ళే. గీతలు అటూ ఇటూ జరుగుతుంటాయి, కందుకూరుని 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిపారు.

ఇప్పుడు మా ఊళ్ళో ఇరవై లీటర్ల క్యాన్లు. ప్లాంటు ఆటో మైకు పెట్టుకుని పొద్దున్నే వస్తుంది, బోరింగు పిడి తుప్పు పట్టి పైకి లేచి ఆగిపోయింది. క్యాను కొనలేని ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఆ ఇళ్ళ పిల్లలు ఎవరో వాళ్ళు నవ్వితే తెలిసిపోతుంది. వెనక ఊరంతా ఒకటే రకం, ఇప్పుడు ఊళ్ళోనే రెండు రకాలు. ఇది మాత్రం నాకు ఎంతమాత్రం బాగాలేదు.

రైలెక్కే ముందు మా పిల్ల ఇంకో పుస్తకం గురించి చెప్పింది. అదే రచయిత్రి 2015లో ఇంకొక సంపుటి వేసింది, అందులో ఆ జూలియన్ తన వైపు కథ తను చెప్తాడట. వాడికి రాత్రుళ్ళు పీడకలలొచ్చేవట. వాడి నాయనమ్మ ఫ్రాన్సులో యుద్ధకాలంలో చిన్నపిల్లగా ఉన్నప్పుడు, బళ్ళో అందరూ ఎగతాళి చేసే పోలియో పిల్లాడొకడు ఆమెని దాచి కాపాడాడట. అది చదివితే జూలియన్ మీద కోపం పోతుంది పెద్దమ్మా, అంటుంది. నాకు మా లీడరు పిల్ల గుర్తొచ్చింది, ఆమెకీ ఏమైనా పీడకలలు వచ్చేవేమో, ఎవరికి తెలుసు, ఎవరూ అడగలేదు. పుస్తకం పోస్టులో పంపుతానంది. పంపితే చదువుతాను, తెలియని మాటలుంటే ఫోన్ చేసి అడుగుతాను. కోపం పోతుందని మాత్రం మాటివ్వలేదు.